ఆలకించే బాధ్యత అపరిచితులదేనా?

ఈ దేశంలో 2023లో 1,71,418 మంది తమ ప్రాణాలు తామే తీసుకున్నారు. రోజుకు దాదాపు 470 మంది. జాతీయ నేర గణాంకాల బ్యూరో ఈ సంఖ్యను వెల్లడించింది 2025 సెప్టెంబరు చివరలో, అంటే ఆ ఏడాది ముగిసిన 21 నెలలకు. షేర్ల ధరలను క్షణక్షణం, జలాశయాల నీటిమట్టాన్ని వారంవారం, టోకు ధరలను నెలనెలా ప్రకటించగలిగిన రాజ్యానికి, బతకలేక వెళ్లిపోయిన పౌరులు ఎందరో చెప్పడానికి రెండేళ్లకు దరిదాపుగా పట్టింది. పైగా ఆ సంఖ్యను కూడబెట్టింది ఆరోగ్య శాఖ కాదు, హోం శాఖ. అది అచ్చయ్యేది ప్రమాద మరణాల సరసన. ఒక సమస్యకు సంబంధించిన కాగితాలను ప్రభుత్వం ఏ బీరువాలో పెట్టిందో చూస్తే, ఆ సమస్యను ఏ కంటితో చూస్తున్నదో తెలిసిపోతుంది.

ఈ లెక్కలోకి ఎక్కకుండా మిగిలినవారి సంగతి వేరు. అర్ధరాత్రి దాటాక ఫోను చేతపట్టుకొని, ఇక తన వల్ల కాదని నాలుగు మాటలు రాసి, ఎక్కడో ఉన్న ముక్కూమొహం తెలియని మనిషి నుంచి జవాబు అందుకొని, మాటలో మాటగా తెల్లవారేదాకా నిలబడి, ఆ ఒక్క రాత్రిని దాటినవారు ఎందరో ఉన్నారు. వారి లెక్క ఏ బ్యూరో వద్దా లేదు. వారిని దాటించినవారి లెక్క అసలే లేదు. దాటించినవారిలో అత్యధికులు వైద్యులు కారు, మనస్తత్వవేత్తలు కారు. ఒకప్పుడు అదే అంచుకు వెళ్లి వెనక్కి వచ్చినవారు, దగ్గరివారిని అలా పోగొట్టుకున్నవారు, పగలు ఉద్యోగమో చదువో చేసుకుంటూ రాత్రి రెండు గంటలు ఇందుకు కేటాయించుకున్నవారు. జీతం లేదు, గుర్తింపు లేదు, చాలామందికి శిక్షణ కూడా లేదు. ఈ దేశపు మానసిక ఆరోగ్య వ్యవస్థలో రాత్రిపూట తెరిచి ఉండే తలుపు చాలాసార్లు వీరిదే. ఆ తలుపును అపరిచితుల దయకు వదిలేసి, వారి దయాగుణాన్ని పొగిడి, అంతటితో తన పని అయిపోయిందనుకునే పాలనను ప్రశ్నించవలసి ఉంది.

మనిషి తన బాధను సొంతవారికి చెప్పక పరాయివారికి ఎందుకు చెబుతాడు? తెలుగు సమాజం దీనికి ఎప్పుడో జవాబు చెప్పుకుంది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందన్న సామెత ఊరికే పుట్టలేదు. భర్త కొడుతున్నాడని పుట్టింటికి చెబితే సర్దుకుపొమ్మంటారు. ర్యాంకు రాలేదని తండ్రికి చెబితే ఖర్చు లెక్క బయటకు వస్తుంది. అప్పు సంగతి భార్యకు చెబితే పరువు పోతుందనుకుంటాడు. తనకు నచ్చిన మనిషి ఆడా మగా అన్న విషయమే ఇంట్లో పేలగల మందుపాతర అయిన యువకుడు ఎవరికి చెప్పుకోవాలి? నలుగురూ ఏమనుకుంటారోనన్న భయం ఆ నలుగురికీ చెప్పనివ్వదు. పేరు చెప్పనక్కరలేని చోట, మొహం కనబడని చోట, రేపు పెళ్లిపందిట్లో ఎదురుపడని మనిషి ముందు మాత్రమే నోరు పెగులుతుంది. ఇంటర్నెట్ ఆ చోటును ఇచ్చింది. యువతరం ఫోనుకు బానిసై నిజమైన మనుషులకు దూరమైందని వాపోయే పెద్దలు, ఆ నిజమైన మనుషులు వినడానికి సిద్ధంగా ఉన్నారా అన్న ప్రశ్నను దాటవేస్తుంటారు.

శిక్షణ లేనివారు ఇంత సున్నితమైన పనిలోకి దిగితే మేలుకంటె కీడే ఎక్కువని వైద్యవర్గాల్లో కొందరు అంటారు. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయడానికి లేదు. తెలిసీతెలియని సలహా ప్రమాదమే. నిస్సహాయ స్థితిలో ఉన్నవారిని వెతుక్కుంటూ తిరిగే దుర్మార్గులు ఆన్‌లైన్‌లో ఉన్నారన్నదీ నిజమే. నిరాశను పంచుకునే చోటు నిరాశను పెంచుకునే చోటుగా మారిన సందర్భాలూ ఉన్నాయి. కానీ ఈ అభ్యంతరం చెప్పేవారు ప్రత్యామ్నాయం కూడా చెప్పాలి. నిమ్హాన్స్ 2015–16లో నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం ఈ దేశంలో ప్రతి లక్ష జనాభాకు ఒక్క సైకియాట్రిస్టు కూడా లేరు. రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్సే అందడం లేదని ఆ సర్వే తేల్చింది. అర్హులైనవారు మాత్రమే మాట్లాడాలన్న నియమాన్ని అక్షరాలా పాటిస్తే, అధికసంఖ్యాకులతో మాట్లాడేవారే ఉండరు. చేయి తిరిగిన ఈతగాడు వచ్చేదాకా ఒడ్డునున్నవారు తాడు కూడా విసరకూడదని శాసించడం వంటిది ఇది.

పైగా, మామూలు మనిషి తోడు ప్రాణం నిలుపుతుందనడానికి భావోద్వేగమే ఆధారం కాదు. 1953లో లండన్‌లో చాడ్ వారా అనే మతాచార్యుడు ఆత్మహత్య ఆలోచనలున్నవారి కోసం ఒక ఫోను పెట్టారు. ఆయన కోసం ఎదురుచూసేవారికి టీ ఇచ్చి కబుర్లు చెప్పడానికి కొందరు స్వచ్ఛందంగా వచ్చేవారు. వచ్చినవారిలో చాలామంది ఆ టీ, ఆ కబుర్లతోనే కుదుటపడి, ఆయనను కలవకుండానే వెళ్లిపోతున్నారని గమనించారు. సమరిటన్స్ సంస్థ నడక ఆ గమనింపుతో మారింది. అదే స్ఫూర్తితో చెన్నైలో డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ 1986లో ‘స్నేహ’ను నెలకొల్పారు. హైదరాబాదులో ‘రోష్నీ’ దశాబ్దాలుగా స్వచ్ఛంద సేవకులతోనే నడుస్తోంది. గోవాలో ‘సంగత్’ సంస్థ, వైద్యవిద్య లేని స్థానికులకు శిక్షణ ఇచ్చి కుంగుబాటుతో ఉన్నవారికి తోడుగా నిలిపి చూసింది. ఆ పరిశోధనల సత్ఫలితాలు ‘లాన్సెట్’ పత్రికలో ప్రచురితమయ్యాయి. జింబాబ్వేలో ఆరోగ్య కేంద్రం ఆవరణలో బల్ల వేసుకొని కూర్చున్న నాయనమ్మలు, అమ్మమ్మలు చేసిన పనీ ఇదే.

ఇంకా స్పష్టమైన సాక్ష్యం ప్రపంచ ఆరోగ్య సంస్థ అయిదు దేశాల్లో చేపట్టి 2008లో వెలువరించిన అధ్యయనంలో ఉంది. చెన్నై, కొలంబో నగరాలు అందులో భాగం. ఆత్మహత్యకు ప్రయత్నించి ఆసుపత్రికి వచ్చిన 1,867 మందిలో సగానికి మామూలు చికిత్స మాత్రమే ఇచ్చారు. మిగతా సగానికి ఒక గంట సంభాషణ, ఆ తరువాత 18 నెలల్లో తొమ్మిదిసార్లు ఫోనో, పలకరింపో అదనంగా అందించారు. మొదటి వర్గంలో 2.2 శాతం మంది ఆ తరువాత ఆత్మహత్యతో మరణించారు. రెండో వర్గంలో 0.2 శాతం. పలకరించినది ఆరోగ్య సిబ్బందే కావచ్చు. కానీ ఆ తొమ్మిది సార్లలో వారు ఇచ్చినది ఖరీదైన మందు కాదు, అధునాతన పరికరం కాదు. ఎలా ఉన్నావన్న ప్రశ్న, జవాబు వినే ఓపిక.

ఈ ఓపికకు ఒక పద్ధతి ఉంది. తెలుగువారు ఆపదలో ఉన్నవారికి ధైర్యం చెబుతారు. తోడు నిలవడం తెలిసినవారు మొదట ఏమీ చెప్పరు, వింటారు. నీకంటె కష్టాల్లో ఉన్నవారు లేరా అని పోల్చరు. కన్నవారి గురించి ఆలోచించవా అని నిందించరు. పాజిటివ్‌గా ఉండమని ఉపదేశించరు. ఏం జరిగిందని అడుగుతారు. చనిపోవాలన్న ఆలోచన వస్తోందా అని సూటిగా, మెత్తగా అడుగుతారు. ఆ మాట ఎత్తితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ మాత్రమేనని, అడగడం వల్ల మనసు తేలికపడుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. ఒంటరిగా ఉన్నావా, పక్కన ఎవరైనా ఉన్నారా, ఈ రాత్రికి ఎవరింటికైనా వెళ్లగలవా అని అడుగుతారు. నెరవేర్చలేని వాగ్దానం చేయరు, రోగనిర్ణయం చేయరు, డబ్బు, ఫొటో, చిరునామా అడగరు. తమ శక్తికి మించినదని తోచినప్పుడు 14416కు ఫోన్ చేయించేదాకా వదలరు. ఇందులో అసాధ్యమైనది ఏదీ లేదు. పదో తరగతి చదివినవారికి కూడా నేర్పదగినదే. నేర్పడం లేదన్నదే ఫిర్యాదు.

ఈ విషయంలో రాజ్యం చరిత్ర గర్వించదగినది కాదు. ఆత్మహత్యా యత్నాన్ని నేరంగా చూసే 309వ సెక్షన్‌ను తొలగించాలని లా కమిషన్ 1971లోనే సిఫారసు చేసింది. 1978లో రాజ్యసభ అంగీకరించింది. లోక్‌సభ రద్దుతో బిల్లు మురిగిపోయింది. 1994లో సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను కొట్టివేసింది. 1996లో రాజ్యాంగ ధర్మాసనం తిరిగి నిలబెట్టింది. 2008లో లా కమిషన్ మళ్లీ చెప్పింది. చివరకు 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్‌లో, ప్రయత్నించినవారు తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, వారిని విచారించి శిక్షించరాదని పేర్కొంది. 2024 జూలై 1న భారతీయ న్యాయ సంహిత అమలులోకి రావడంతో పాత సెక్షన్ వెళ్లిపోయింది. అక్కడితో ఆగితే హర్షించవచ్చు. అదే సంహిత 226వ సెక్షన్‌లో, ప్రభుత్వోద్యోగిపై ఒత్తిడి తెచ్చే ఉద్దేశంతో ప్రాణత్యాగానికి ప్రయత్నించినవారికి ఏడాది వరకు జైలు అని రాసుకుంది. భూమి పట్టా కోసం ఏళ్ల తరబడి అర్జీ పట్టుకు తిరిగి, కలెక్టరేట్ మెట్ల మీద ఆశ వదులుకున్న రైతు ఏ సెక్షన్ కిందికి వస్తాడు? ఇంట్లో కుప్పకూలితే రోగి, ప్రభుత్వం కళ్లెదుట కుప్పకూలితే ముద్దాయి. కరుణకు కూడా హద్దురాళ్లు పాతిన ఘనత ఇది.

చట్టం మారినా భాష మారలేదు. తెలుగు పత్రికల్లో ఇప్పటికీ మనుషులు బలవన్మరణానికి “పాల్పడతారు”. నేరానికి పాల్పడతారు, మోసానికి పాల్పడతారు, దౌర్జన్యానికి పాల్పడతారు. ఆ వరుసలోనే దీన్నీ చేర్చే క్రియాపదం ఒక్క రోజులో మారిపోదు గాని, మార్చాలన్న ఆలోచనైనా వార్తా గదుల్లో కలగాలి. పోయిన మనిషిని నిందించే మాట, అదే ఆలోచనతో ఉన్న మరో మనిషి నోరు నొక్కుతుంది.

115వ సెక్షన్‌లోని రెండో ఉపభాగం గురించి తక్కువగా వినిపిస్తుంది. ప్రయత్నించి బతికినవారికి సంరక్షణ, చికిత్స, పునరావాసం కల్పించడం ప్రభుత్వ విధి అని అది స్పష్టంగా చెబుతోంది. ఇది దాతృత్వం కాదు, చట్టబద్ధమైన కర్తవ్యం. దాని అమలు ఎలా ఉందో చూద్దాం. సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ 2020 సెప్టెంబరులో ‘కిరణ్’ పేరిట ఒక హెల్ప్‌లైన్ ప్రారంభించింది. ఆరోగ్య శాఖ 2022 అక్టోబరు 10న ‘టెలి మానస్’ పేరిట మరొకటి ప్రారంభించింది. మునిగిపోతున్న మనిషి ముందు రెండు శాఖలు రెండు నంబర్లతో నిలబడ్డాయి. టెలి మానస్ మేలైన ప్రయత్నమేనని ఒప్పుకోవాలి. 20 భాషల్లో, అన్ని రాష్ట్రాల్లో నడుస్తోంది. వచ్చిన ఫోన్లు 20 లక్షలు దాటాయి. అవసరం ఎంత ఉందో ఆ సంఖ్యే చెబుతోంది. మరి ఆ అవసరానికి ఢిల్లీ ఇచ్చిన విలువ? 2023–24 బడ్జెట్‌లో ఈ కార్యక్రమానికి 134 కోట్ల రూపాయలు కేటాయించారు. 2024–25లో అది 90 కోట్లకు తగ్గింది. ఫోన్లు పెరుగుతున్నకొద్దీ నిధులు తరిగే పథకాన్ని ప్రాధాన్య పథకమని పిలవడం మాటల గారడీ.

2022 నవంబరులో వెలువడిన జాతీయ ఆత్మహత్యల నివారణ వ్యూహం మరో ఉదాహరణ. 2030 నాటికి ఈ మరణాలను 10 శాతం తగ్గిస్తామని, మూడేళ్లలో సమర్థమైన నిఘా గణాంక వ్యవస్థ నెలకొల్పుతామని, అయిదేళ్లలో ప్రతి జిల్లాలో మానసిక చికిత్స ఔట్‌పేషెంట్ విభాగం తెరుస్తామని అందులో రాసుకున్నారు. మూడేళ్ల గడువు 2025 నవంబరుతో తీరిపోయింది. దేశం చేతిలో ఉన్నది ఇప్పటికీ పోలీసు స్టేషన్ల నుంచి కూడిన, ఆలస్యంగా వచ్చే నేర బ్యూరో సంపుటమే. గడువు దాటిన వాగ్దానంపై పార్లమెంటులో గంట చర్చ జరపడానికి ఏ పక్షానికీ తీరిక దొరకలేదంటే, ఈ మరణించేవారు ఓటు బ్యాంకు కారన్నది తప్ప మరో కారణం కనిపించదు.

విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న 17 ఏళ్ల విద్యార్థిని 2023లో మరణించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న 15 మార్గదర్శకాలు ఇవ్వవలసి వచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఒకరైనా ఉండాలని, హెల్ప్‌లైన్ నంబర్లను హాస్టళ్లలో కనబడేలా రాయాలని న్యాయస్థానం చెబితే తప్ప ప్రభుత్వాలకు, కార్పొరేట్ కళాశాలలకు తట్టలేదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాల్లో తప్పులు దొర్లిన తరువాత 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఆ రోజుల్లో మార్కుల జాబితాను నిమిషంలో ఫోనుకు పంపగలిగిన యంత్రాంగం, దానితోపాటు ఒక్క ఓదార్పు మాటనూ, ఒక్క సహాయ నంబరునూ పంపలేకపోయింది. ఆ లోటును పూడ్చడానికి ముందుకొచ్చింది మళ్లీ స్వచ్ఛంద సేవకులే, తోటి విద్యార్థులే.

ప్రభుత్వం ఖాళీగా వదిలిన చోటులోకి కంపెనీలు ప్రవేశించాయి. వారి కరుణ ఎలాంటిదో ఇప్పటికే తేలింది. అమెరికాలో ‘క్రైసిస్ టెక్స్ట్ లైన్’ అనే సంస్థ ఆపదలో ఉన్నవారి సంభాషణల సమాచారాన్ని, పేర్లు తొలగించి, కస్టమర్ సర్వీస్ సాఫ్ట్‌వేర్ తయారు చేసే లాభాపేక్ష కంపెనీకి అందించిందని 2022 జనవరిలో బయటపడింది. దుమారం రేగాక ఆ ఏర్పాటును విరమించుకుంది. 2023 జనవరిలో ‘కోకో’ అనే వేదిక, దాదాపు 4,000 మందికి వెళ్లిన ఓదార్పు జవాబులను కృత్రిమ మేధ సాయంతో రాయించినట్టు దాని వ్యవస్థాపకుడే వెల్లడించారు. ఆ మాటల్లో యంత్రం చేయి ఉందని తెలిశాక వాటికి పట్టు లేకుండా పోయిందనీ ఆయనే ఒప్పుకున్నారు. ఓపెన్‌ఏఐ 2025 అక్టోబరులో ప్రకటించిన లెక్క ప్రకారం చాట్‌జీపీటీని వారంలో వాడే 80 కోట్ల మందిలో 0.15 శాతం మంది సంభాషణల్లో ఆత్మహత్య ఆలోచనకు, ప్రణాళికకు స్పష్టమైన ఆనవాళ్లున్నాయి. అంటే వారానికి సుమారు 12 లక్షల మంది. మనిషి దొరకనప్పుడు మరబొమ్మతో చెప్పుకుంటున్నవారి సంఖ్య అది. యంత్రాన్ని తిట్టడం తేలిక. మనిషి ఎందుకు దొరకలేదన్నది కష్టమైన ప్రశ్న.

ఉత్తరప్రదేశ్ పోలీసులు మరో దారి ఎంచుకున్నారు. 2022లో మెటా సంస్థతో చేసుకున్న ఏర్పాటు ప్రకారం, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో ప్రమాద సూచనలున్న పోస్టు కనిపిస్తే కంపెనీ నుంచి పోలీసులకు హెచ్చరిక వెళుతుంది. సమయానికి చేరుకొని ప్రాణాలు కాపాడిన సందర్భాలున్నాయి. వాటిని చిన్నబుచ్చడం అన్యాయం. కానీ ఇంటి ముందు పోలీసు జీపు ఆగడమంటే ఈ దేశపు పేట, పల్లె, బస్తీలలో అర్థమేమిటో అందరికీ తెలుసు. ఆ జీపు వెళ్లిపోయాక మరునాడు ఆ మనిషి ఎలా ఉన్నాడని ఎవరు అడుగుతారు? చెప్పుకుంటే పోలీసులు వస్తారన్న భయం వ్యాపిస్తే చెప్పుకోవడమే ఆగిపోతుంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం ఆరోగ్య సమాచారాన్ని ప్రత్యేకంగా సున్నితమైన వర్గంగా గుర్తించనే లేదు. రాజ్య సంస్థలకు విస్తృత మినహాయింపులు కూడా ఇచ్చింది. రాత్రి ఏడుస్తూ చెప్పుకున్న మాట పొద్దున్న ఎవరి సర్వర్‌లో, ఎవరి ఫైలులో తేలుతుందో తెలియని దేశంలో మనసు విప్పమని ఎవరిని అడగగలం?

కరుణ ఒక్కటే చాలునన్న భ్రమనూ వదులుకోవాలి. ప్రాణాలు తీసుకుంటున్న ప్రతి నలుగురిలో ఒకరికి పైగా రోజుకూలీలే. వారి కుంగుబాటుకు మూలం మెదడులోని రసాయనాల్లోనే వెతకడం, కూలి రేటును, అప్పు వడ్డీని, ఆసుపత్రి బిల్లును చర్చకు రానివ్వకపోవడానికి ఒక మర్యాదైన మార్గం. 2010లో సూక్ష్మరుణ సంస్థల వేధింపులతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మరణాలు సంభవించినప్పుడు ఆర్డినెన్సు రావలసి వచ్చింది. 2020 చివర తెలంగాణలో రుణ యాప్‌ల వేధింపులకు ప్రాణాలు పోయినప్పుడు పోలీసులు కదిలారు. రిజర్వు బ్యాంకు మార్గదర్శకాలు 2022లో గాని రాలేదు. యాప్ ఏజెంటు ఫొటోలు మార్ఫింగ్ చేసి బంధువులందరికీ పంపుతున్నప్పుడు, లోతుగా ఊపిరి పీల్చుకొమ్మని చెప్పడం ఓదార్పు కాదు, ఎగతాళి. తోడు నిలిచే మనిషి ఆ రాత్రిని దాటించగలడు. మరునాటి ఉదయాన్ని దాటదగినదిగా చేయవలసింది ప్రభుత్వం.

విధానం మారితే మరణాలు తగ్గుతాయని పొరుగు దేశమే చూపింది. శ్రీలంకలో 1995లో ఆత్మహత్యల రేటు లక్షకు 47. అత్యంత విషపూరితమైన పురుగుమందులను దశలవారీగా నిషేధించాక రెండు దశాబ్దాల్లో అది దాదాపు 70 శాతం తగ్గింది. తమిళనాడులో ‘స్నేహ’ చేసిన కృషి మరో పాఠం. పరీక్ష తప్పిన పిల్లల ఫోన్లు వినివిని, ఆ స్వచ్ఛంద సేవకులు కేవలం ఓదార్చి ఊరుకోలేదు. తప్పినవారు ఏడాది ఆగనక్కరలేకుండా వెంటనే మళ్లీ రాసే వీలు కల్పించాలని ప్రభుత్వాన్ని ఒప్పించారు. వినేవారి దగ్గర అలాంటి జ్ఞానం పోగుపడుతుంది. ఏ నెలలో ఏ ఊరి నుంచి, ఏ కారణంతో ఫోన్లు పెరుగుతున్నాయో నేర బ్యూరో కంటె రెండేళ్ల ముందే వారికి తెలుస్తుంది. వారిని అడిగే అలవాటు పాలకులకు లేదు.

ఇక ఆ వినేవారి బతుకు. రాత్రంతా మాట్లాడిన మనిషి హఠాత్తుగా జవాబివ్వడం మానేస్తే ఏమైందో ఎన్నటికీ తెలియదు. తాను ఆ మాట అనకుండా ఉండవలసిందా, ఇంకో పది నిమిషాలు నిలబెట్టి ఉంటే బాగుండేదా అన్న ప్రశ్న ఏళ్ల తరబడి వెంటాడుతుంది. ఆసుపత్రిలో నర్సుకు షిఫ్టు ముగుస్తుంది, పైన డాక్టరు ఉంటారు, పక్కన సహోద్యోగి ఉంటుంది. ఆన్‌లైన్‌లో తోడు నిలిచినవారికి ఇవేవీ లేవు. కుంగినవారిని మోసి మోసి వారే కుంగిపోతే, అదీ వారి సొంత బలహీనత ఖాతాలోనే పడుతుంది.

కనుక కోరవలసినవి దయాదాక్షిణ్యాలు కావు, నిర్దిష్టమైన ఏర్పాట్లు. నిమ్హాన్స్, హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖ మానసిక వైద్యశాల వంటి ప్రభుత్వ సంస్థలు ప్రాంతీయ భాషల్లో ఉచిత శిక్షణ ఇవ్వాలి. తెలుగులో ఏడ్చే మనిషికి ఇంగ్లీషు కరపత్రం ఎందుకూ పనికిరాదు. శిక్షణ పొందినవారు తమ చేయి దాటిన సందర్భంలో సంభాషణను నేరుగా టెలి మానస్‌కు అప్పగించే మార్గం ఉండాలి. నంబరు ఇచ్చి పంపేయడం వేరు, చేయి వదలకుండా మరో చేతిలో పెట్టడం వేరు. రోడ్డు ప్రమాద బాధితులను కాపాడినవారిపై సివిల్, క్రిమినల్ బాధ్యత మోపరాదని 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ చేర్చారు. సద్బుద్ధితో, నిర్దేశిత పద్ధతిలో మాటసాయం చేసినవారికి కూడా అటువంటి రక్షణ కావాలి. దానితోపాటే ఆ ముసుగులో దోపిడీకి దిగినవారికి కఠిన శిక్ష ఉండాలి. సేవకులకు తమ బరువు దింపుకునే చోటు, అనుభవజ్ఞుల పర్యవేక్షణ ప్రభుత్వ ఖర్చుతో ఏర్పడాలి. ఈ సంభాషణల సమాచారం వ్యాపారానికి గాని, ప్రాణాపాయం లేని సందర్భంలో పోలీసులకు గాని చేరకుండా చట్టం గోడ కట్టాలి. మరణాల లెక్క మూడు నెలలకొకసారి, ఆరోగ్య శాఖ పేరుతో, జిల్లాల వారీగా బయటకు రావాలి.

ఇందులో ఏదీ ఖజానాను ఖాళీ చేసే కోరిక కాదు. ఖర్చయ్యేది ఇప్పుడు కూడా అవుతూనే ఉంది. ప్రభుత్వం పద్దులో కాకుండా నిద్రలేని అపరిచితుల ఆరోగ్యం పద్దులో పడుతోంది, అంతే తేడా. ఏటా సెప్టెంబరు 10న నివారణ దినోత్సవం పేరిట మంత్రులు ట్వీట్లు చేస్తారు. చుట్టూ ఉన్నవారిని పలకరించమని ప్రజలకు హితవు చెబుతారు. ప్రజలు పలకరిస్తూనే ఉన్నారు. సంరక్షణ, చికిత్స, పునరావాసం కల్పించి తీరాలని 2017 చట్టం పేరుపెట్టి ఆదేశించినది ప్రజలను కాదు, ప్రభుత్వాన్ని. ఆ ఆదేశం అమలయ్యేదాకా పొరుగువాడి కరుణ గురించి ప్రసంగించే అర్హత పాలకులకు లేదు.